నాలుగో గోదాము గురించి ఒరాల్‌బెక్ రాసిన వాక్యం

కోస్తనాయ్ పట్నంలో మా ఆడిట్ కార్యాలయానికి పెద్ద ఒరాల్‌బెక్. ఇరవై ఆరేళ్ల అనుభవంలో ఒక్క సూటి వాక్యం రాసిన పాపాన పోలేదు. మేం లెక్కలు తనిఖీ చేసే కంపెనీలో మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టిన సంగతులను నివేదికలో ముఖ్యాంశాలుగా రాయాలి. ఎందుకు కలవరపెట్టాయో, మేమేం చేశామో చదివేవాళ్లకు తెలియాలి. ఒరాల్‌బెక్ లెక్క వేరు: నియమం నెరవేరాలి, ఎవరికీ ఏమీ తెలియకూడదు. నిరుటి పేరా తీసి సంవత్సరం మార్చేవాడు. దానికి అనుభవమని పేరు పెట్టుకున్నాడు.

ఆ శీతాకాలం ఒక ధాన్యపు గోదాముల కంపెనీకి వెళ్లాం. చుట్టుపక్కల రైతులు విత్తన గోధుమలు దాచుకునేది అక్కడే. నాలుగో గోదాములో నేను ఉష్ణమాపి గుచ్చి చూశాను. బయట అంతా గడ్డకట్టి ఉంటే లోపల గింజలు నలభై డిగ్రీలున్నాయి. పులిసిన వాసన. ఒరాల్‌బెక్ కూడా ముక్కు మూసుకున్నాడు. గింజలు వేడెక్కాయనీ, ఎన్ని మొలుస్తాయో కంపెనీ చెప్పలేకపోయిందనీ ముఖ్యాంశం రాశాను.

మధ్యాహ్నం డైరెక్టరు ఇంట్లో భోజనం. పెద్ద అతిథి అని ఉడికించిన గొర్రె తలను ఒరాల్‌బెక్ ముందు పెట్టారు. అతను చెవి కోసి, అందరిలోకీ చిన్నదాన్నని నాకిచ్చాడు. కారెక్కగానే, అంత గౌరవం చేసిన ఇంటి మీద అలా రాస్తామా అని నన్నే మందలించాడు. నా మాటలు కొట్టేసి, "నిల్వల నాణ్యత అంచనాలో గణనీయమైన విచక్షణ అవసరమైంది" అని పెట్టాడు. సిగ్గులేకుండా నేనూ దాన్నే టైపు చేసిచ్చాను.

జూన్‌లో బాతిమా వచ్చింది. రైతు సంఘం పెద్ద, రిటైరైన పంతులమ్మ. నివేదిక బల్ల మీద పెట్టి, గింజలు పాడయ్యాయని ఎక్కడుందో చూపించమంది. ఒరాల్‌బెక్ ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"చెప్పాం కదా, అక్కా. మీరే శ్రద్ధగా చదవాల్సింది."

"రెండుసార్లు చదివాను. చదివే, అంతా బాగానే ఉందిట, విత్తనాలు అక్కడే ఉంచండని మా సంఘంలోని పదకొండు ఇళ్లకీ చెప్పాను. నీకు వాసన రాలేదా?"

"వచ్చింది."

"మరి ఆ ముక్క రాయడానికి ఏం రోగం, తమ్ముడూ?"

నివేదికల్లో వాసనలు రాయరని అతను ఓపిగ్గా వివరించాడు. ఆవిడ అతన్ని వదిలేసి నావైపు తిరిగి, నువ్వూ అక్కడే ఉన్నావా అని అడిగింది. ఉన్నానన్నాను.

"చల్లినదాంట్లో ఏమీ మొలవలేదమ్మాయ్. మళ్లీ చల్లే కాలమూ దాటిపోయింది," అంది. "దాన్ని మీ భాషలో ఏమంటారో ఓ కాగితం మీద రాసివ్వండి. ఊళ్లో చదివి వినిపిస్తాను."