లావు మొనకు కాలిన గొంతు

ఉపగ్రహాలకే సోల్డరింగ్ చేశానని ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంటంతా కోతలు కోసినవాణ్ని. అది నమ్మి, పై అంతస్తు యాదమ్మక్క చనిపోయిన భర్త ఫోన్ తెచ్చింది. ఛార్జింగ్ ఎక్కడం లేదు.

"జర జూడు తమ్మీ, మీ బావ గొంతు గిండ్లనే ఉన్నది."

ఫోన్ విప్పి తీసుకెళ్తే, దిల్‌సుఖ్‌నగర్‌లో సోల్డరింగ్ సామాన్ల దుకాణాయన లోపలి సర్క్యూట్ బోర్డు చూసి, "ఆవగింజంత పార్టులు అన్నా! సన్న మొన సోల్డరింగ్ ఐరన్, అతుకు మంచిగ వట్టేటందుకు ఫ్లక్స్ తీస్కో. మిక్సీలు బాగుజేసే ఐరన్ వెడితే కాలిపోతది" అన్నాడు.

నాకే చెబుతాడా అని ఉత్త చేతులతో వచ్చేశాను. ఆమె ఎదుటే ఇంట్లోని లావు మొన ఐరన్ ఛార్జింగ్ పార్టుకు ఆనించాను. పొగ లేచింది. పక్కనే, బావ గొంతు దాగున్న మెమరీ చిప్ కూడా మాడిపోయింది.

"ఐందా తమ్మీ?"

"పోయింది అక్కా."

ఆమె తిట్టలేదు. "మనిషి గొంతు ఎన్నొద్దులు యాదుంటది?" అని మాత్రం అడిగింది.

కోతలు మానేశాను. లిఫ్టులో ఆమె ఉంటే ఇప్పటికీ మెట్లెక్కే వెళ్తాను.