చందనం పని

తిరుత్తణి బస్టాండు పక్కన అలమేలు బడిపిల్లల ప్రాజెక్టులకు బొమ్మల షీట్లు అమ్ముతుంది. వేలు తడిచేసుకుని షీట్లు తిప్పుతుంది, అడిగిన బొమ్మ కత్తిరించి ఇస్తుంది, బేరమాడితే కసురుకుంటుంది. మొన్న మురళీధరన్ తన కూతురి కోసం ఆస్ట్రేలియా కోలా జంతువు బొమ్మా, ఎర్రచందనం చెట్టు బొమ్మా అడిగాడు. "ఈ రెండిటికీ పోలికేందన్నా?" అంది. "రెండూ తరిగిపోతా ఉండాయక్కా. సంచిలో పిల్లను మోసే ఈ కోలా కంటే చెట్టుకే గండం ఎక్కువంట. ఆ చెట్లుండే కొండంతా తుపాకులతో కావలి పెట్టుండారు."

అలమేలు కత్తెర ఆగింది. "మా ఆయన చందనం పనికి పోతా ఉండానన్నాడు. గుళ్లో మురుగయ్యకు చందనం అరగదీసే పనేమో అనుకొని, తలకు పోసి, విబూది పెట్టి పంపిస్తిని. చెట్లు నరికే కూలిపనని నాకేం తెలుసు? ఆ కొండ దిగనేలేదన్నా." ఆమె మళ్లీ కత్తెర పట్టి, ఒక్క కొమ్మ కూడా తెగకుండా ఆ చెట్టును కత్తిరించి అతని చేతిలో పెట్టింది.