నీలం దారం కట్టిన సీసాలు

అల్లూరులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఒక అక్క ఉండేది. నేను పెంచుకునే ఆక్సొలాటిల్ అనే నీటిబల్లి తొట్టిలోని నీళ్ళు వారం వారం సీసాలో పట్టుకెళ్ళి ఆమెకిచ్చేదాన్ని. బస్సులో మూత ఊడకుండా నీలం దారం కట్టేదాన్ని. పై వారానికి, నీళ్ళలో విషం చేరిందో లేదో చెప్పే చీటీ సిద్ధంగా ఉండేది: అమ్మోనియా సున్నా. అది ఇస్తూ నా చెంప మీద తట్టి, "నీ బిడ్డ భద్రం మే" అనేది. ఎవరితోనూ మాట కలపని నేను, సగం ఆ మాట కోసమే వెళ్ళేదాన్ని. చీటీలన్నీ డైరీలో అంటించుకున్నాను.

ఎర్రటి ఈకల్లాంటి దాని మొప్పలు ముడుచుకుపోయి, తిండి మానేసిన రోజు పరుగున వెళ్ళాను. ఆమె బల్ల కింద, ఆ నెలలో నేనిచ్చిన సీసాలు నాలుగూ కనిపించాయి. నేను వేసిన ముళ్ళు వేసినట్టే ఉన్నాయి.

"ఇవి చూడలేదా అక్కా?"

"ఎకరాల చెరువులకే పరీక్ష మందు చాలడంల్యా. నీ బల్లిపిల్లకి కూడానా?" అని నవ్వింది. "నువ్వు దిగులుపడతావని సున్నా వేసినా మే."

ఆ సున్నాలు నమ్మే నేను అన్నాళ్ళూ నీళ్ళు మార్చలేదు. ఇంటికెళ్ళగానే మార్చినా, మూడో రోజు అది చనిపోయింది.

డైరీ తెరిస్తే చీటీలు ఇంకా ఉన్నాయి. ఆ సున్నాలు తొందరలో గీసినవి కావు. ఒక్కొక్కటీ ఎంతో ఓపికగా, గుండ్రంగా చుట్టింది.