పంతొమ్మిదేళ్ళని చెప్పిన పిల్ల

టాటానగర్ మాంగో పేటలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తున్న సింహాచలమ్మ ఆ ఉదయం అందరికీ లడ్డూలు పంచిపెట్టినది. చిన్నవయసులోనే తల్లులవుతున్న ఆడపిల్లల సంఖ్య దేశంలో ఏటేటా తగ్గుతూ వస్తున్నదని ఆసుపత్రిలో జరిగిన సభలో ఒక అధికారి చెప్పగా, అందరికంటె గట్టిగా చప్పట్లు కొట్టినది కూడ ఆమెయే. ఆ మాట అబద్ధం కాదని ఆమెకు తెలుసు. టాటానగర్ రైల్వేలో పట్టాల పని చేసే పోలరాజుకు భార్యగా శ్రీకాకుళం వైపునుండి ఈ ఊరు వచ్చిననాటికి ఆమెవి ఇంకా రిబ్బన్ల జడలే. పదిహేనో ఏట తొలి కాన్పు, బిడ్డ దక్కలేదు. ఆ కాలంలో వాడలో ఏ ఇంట చూచినా అదే కథ. ఇప్పుడో, చదువు ముగించి, ఉద్యోగాల్లో కుదురుకొని, ఆపైన తొలిచూలుకు వచ్చే పిల్లలను చూచినప్పుడల్లా ఆమెకు కడుపు నిండేది.

లడ్డూల పళ్ళెం కడిగి బోర్లిస్తుండగానే ఆసుపత్రి వాకిట ఆటో ఆగినది. దిగినది ఆమె కూతురి కూతురు హేమ. నిండు నెలలు. వయసు పదహారు.

తల్లి లేని హేమకు తండ్రి కూడ పోగానే, సింహాచలమ్మ బావగారు జగ్గారావు, కుటుంబంలో పెద్దవాణ్ణి నేనేనంటూ కలుగజేసుకొని, పిల్లను సొంత మేనమామకే, అనగా సింహాచలమ్మ చిన్నకొడుకు అప్పలసూరికే, ముడిపెట్టినాడు. "పరాయింటికి పంపుతున్నామా ఏటి? మేనరికానికి వయసుతో పనేటి?" అన్నాడు. వద్దని మొత్తుకున్న సింహాచలమ్మను ఎవరూ లెక్కచేయలేదు. ఆమె పెళ్ళికి పోలేదు. ఊరి ఆ చివర పర్సుడీహ్‌లో కొడుకు కాపురమున్న ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

డాక్టర్ అనిత హిందీలో వయసడిగినది.

"ఉన్నీస్," అన్నాడు పిల్ల వెంట వచ్చిన జగ్గారావు తడుముకోకుండా. పంతొమ్మిది! పాత పరీక్షల చీటీలేవంటే, తొందరలో ఇంట మరచినామన్నాడు. రక్తపోటు కొంత ఎక్కువగా ఉన్నది, బెదురువల్ల కావచ్చు, కాసేపాగి మళ్ళీ చూస్తానని ఆమె పక్క మంచానికి కదిలినది.

సింహాచలమ్మ మనవరాలి మీదికి వంగినది. "చెకప్పులకి తీసికెళ్ళారటే?"

"నహీఁ అమ్మమ్మా. వయసడుగుతారని జగ్గారావు తాత వద్దన్నారు. సిర్ ఫట్ రహా హై..." తల పగిలిపోతున్నదట, నాలుగు రోజులుగా చూపు మసకట.

తగ్గిన సంఖ్యకు మిఠాయిలు పంచుకునే ఈ దేశంలో, తగ్గని ఇళ్ళు నేర్చిన విద్య ఇది! పిల్ల వయసును నోటితో పెంచుతారు. పెంచిన సంగతి బయటపడకుండా ఆమెను వైద్యుల కంటపడనీయరు. చట్టానికి భయపడి పెళ్ళి మానలేదు, వైద్యం మాన్పించారు.

సింహాచలమ్మ వరండాలో ఉన్న జగ్గారావు వద్దకు వచ్చినది. "పిల్లని సంపేత్తారా బావగారూ?"

"గట్టిగా అనకే. పదారని తెలిత్తే పోలీసులొత్తారు. జైలుకెల్లేది ఎవుడు? నీ కొడుకే! కన్నతల్లివేనా నువ్వు?"

కని పెంచిన కొడుకు. కాని లోపల మూలుగుతున్నది కూడ ఆమె రక్తమే.

"తాళి కట్టిన సేతులు ఆడివి కావేటి? ముప్పయ్యేళ్ళ గాడిద, ఆడికి తెల్దేటి?"

"ఇంటి పరువు..."

"మీ పరువు మోత్తన్నది ఆ గుంటపిల్లే కదా. మీరోపాలి నొప్పులు పడి కనండి బావగారూ, అప్పుడింటాను పరువు మాట!"

నేరుగా డాక్టర్ వద్దకు పోయి అంతా చెప్పేసినది: పిల్లకు పదహారని, పరీక్షలు ఒక్కటీ జరగలేదని, తలనొప్పి, మసక చూపు, మొగుడు తన కొడుకేనని. డాక్టర్ వెంటనే హేమను ఆపరేషన్ గదికి తరలించినది. నియమం ప్రకారం పోలీసులకు ఫోను చేసినది. మధ్యాహ్నానికి గుప్పెడంత ఆడపిల్ల ఏడ్చినది. తల్లికి గండం గడిచినదన్నారు.

కానిస్టేబుల్ వచ్చేసరికి అప్పలసూరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అమ్మా, నువ్వే సెప్పావా?"

"నేనే సెప్పాన్రా."

జగ్గారావు కానిస్టేబులుకు చేతులు జోడించినాడు. ముసలిదానికి మతి చలించినది, పిల్లకు పంతొమ్మిదే అన్నాడు. కానిస్టేబుల్ ఆమె వైపు తిరిగినాడు.

సింహాచలమ్మ కొడుకు ముఖం చూడలేదు.

"పదహారు బాబూ," అన్నది హిందీలో, వరండా అంతా వినబడేటట్లు. "ఎక్కడ అడిగినా పదహారే చెబుతాను."