రెండు కెమెరాలు, ఒకే ముక్కు

మొన్న శనివారం మా కొత్తింటి ప్రతిష్ఠ ప్రార్థనను కేసముద్రంలో ఒక వాడకట్టు మొత్తం టీవీ ముందు కూర్చుని లైవ్‌లో చూసింది. వాళ్లు చూసింది ఇంటిని కాదండీ, ప్రార్థన చేసిన పాస్టరు అయ్యగారిని అంతకన్నా కాదు. నా ముక్కును! అదీ కింది నుంచి!

ఛాయ్ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి, పాపమేం లేదు. ఆ రోజు దేవుడు కూడా నవ్వే ఉంటాడు.

కేసముద్రంలో ఉండేది మా ఆయన అక్క, మా ఎస్తేరు వదిన. ఈ ఇంటి కోసం ఆమె పెట్టని ఉపవాస ప్రార్థన లేదు. పునాది రాయి వేసిననాడు అందరికన్నా ముందు మోకాళ్లూనింది ఆమే. అలాంటి మనిషి సరిగ్గా ప్రతిష్ఠ ముంగట మార్కెట్ యార్డులో మక్కల బస్తా మీద కాలేసి జారింది. కాలికి సిమెంటు కట్టు! ఫోన్లో ఒకటే ఏడుపు. "అందరు చూస్తరు, నేనొక్కదాన్నే చూడకపోతి గదనే కరుణా!"

"జర ఫికర్ చెయ్యకు వదినా, నేను లేనా?" అన్నాను. కథ అక్కడ మొదలైంది.

"నా ఫోన్‌కు వీడియో కాల్ చెయ్యి, సాలు" అంది పాపం. చేస్తే అయిపోయేది కదా! ఊహూఁ. ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే మనిషిని, మామూలు ఫోన్‌తో చూపిస్తానా? పైగా నాకో జబ్బుంది. సువార్త ఎంత ఇష్టంగా చెప్తానో, విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ గురించి కూడా అంతే ఇష్టంగా చెప్తాను. ఎవరి పాత కంప్యూటర్ మూలుగుతున్నా పోయి, "ఇది వేసుకోండి, పైసా ఖర్చు లేదు, కొత్త జన్మ వస్తది" అంటాను. మా పాత టాబ్లెట్‌కు కూడా అట్లాగే కొత్త జన్మ ఇచ్చి ఉన్నాను.

"దీనికి ముందొక కెమెరా, వెనకొక కెమెరా ఉన్నయ్ వదినా. రెండూ ఒక్కసారే నడిపిస్త. ఒక డబ్బాల అయ్యగారు, ఒక డబ్బాల చుట్టాలు. టీవీల పెట్టుకొని చూడు!"

వదిన మురిసిపోయి వాడకట్టుకంతా చెప్పుకుంది.

ఆ రోజు కాల్ కలిసింది. ముందు కెమెరా డబ్బాలో నేను. వెనక కెమెరా డబ్బా మాత్రం నల్లగా, బొగ్గు లాగా ఉంది. తల వంచి దాని సంగతి చూస్తున్నాను, ఇంతలో చప్పట్లు! తలెత్తి చూస్తే రిబ్బన్ రెండు ముక్కలు. నా ఇంటి రిబ్బన్ నేనే చూడలేదు, ఇక వదినకేం చూపిస్తాను?

కనీసం ప్రార్థనన్నా చూపిద్దామని లోపలికి ఉరికి ముందు వరసలో చాప మీద కూర్చున్నాను. కేసముద్రం గొంతులు ప్రార్థన మధ్యలో పడతాయేమోనని స్పీకర్ బంద్ చేశాను. ఆ తెలివే నా కొంప ముంచింది.

"కండ్లు మూసుకుందాం" అన్నారు అయ్యగారు. అందరూ మూసుకున్నారు. నేను మాత్రం, ఇదే మంచి టైం, ఎవరూ చూడరు అనుకుని కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచాను. కెమెరాలు ఎన్నున్నాయని అడిగితే నాలుగంది. ఉన్నవే రెండు! లైనక్స్‌లో ఒక్కో కెమెరాకు రెండేసి పేర్లుంటాయి లెండి, మనవాళ్లకు సర్టిఫికెట్లలో ఒక పేరు, బాప్తిస్మం పేరు ఒకటి ఉన్నట్టు. ఏ పేరుతో పిలిస్తే పలుకుతుందో దానికే తెలియాలి. ఒక్కో పేరు పెట్టి పిలిచాను. ఒకటి అసలు పలకదు. ఇంకొకటి "బిజీ" అంటుంది. ఎవరితో బిజీనే తల్లీ, ఇంట్లో అందరూ ప్రార్థనలో ఉంటే!

అయ్యగారి గొంతు మెల్లగా దిగుతోంది. ఆమెన్ వచ్చేట్టుంది! వెంటనే "అయ్యగారూ, చుట్టాలు కూడ ఒక్కొక్కరు ప్రార్థన చేస్తె మంచిగుంటది" అన్నాను.

"మంచి మాట చెప్పినవమ్మా" అని ఆయన నా భక్తికి పొంగిపోయారు. మా చినమామ అందుకున్నాడు, అదీ ఆదికాండం నుంచి. నాకు కావలసింది కూడా అదే! కెమెరాను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాను. పెదాలు వాటంతట అవే కదులుతున్నాయి. "రా తల్లీ... ఒక్కసారి కనవడు... నీ కాళ్లు మొక్కుత..."

పక్కనున్న పెద్దమ్మ కండ్లు తెరవకుండానే నా భుజం నిమిరి, "ఏడువకు బిడ్డా, ప్రభువు ఇన్నడు" అంది.

అటు మా ఆయన జేబులో ఫోన్ ఆగకుండా గుర్రుమంటోంది. ప్రార్థనలో ఫోనెత్తే మనిషి కాదు ఆయన. చివరికి ఆమెన్ అయ్యాక ఎత్తి, కాసేపు విని, తెచ్చి నా చెవికి ఆనించాడు.

"కరుణా!" వదిన. ఆమె వెనక వాడకట్టు వాడకట్టే అరుస్తోంది. "ఎప్పటిసంది ఒర్రుతాన! నీ ముక్కు తప్ప ఏం కనవడ్తలేదు! ప్రార్థనల కండ్లు తెరుసుకొని ఏం గొణుగుతానవే?"

"వెనక కెమెరా వస్తలేదు వదినా. డ్రైవర్ ఏమో..."

"ముంగట్ది వస్తాంది గద?"

"వస్తాంది."

"మరి టాబును తిప్పరాదే!"

తిప్పరాదే! మా ఆయన నా చేతిలోంచి టాబ్లెట్ తీసుకుని, అట్టును తిరగేసినట్టు తిరగేసి, స్పీకర్ పెట్టాడు. అంతే! గోడలు, కిటికీలు, చుట్టాలు, అయ్యగారు, అన్నీ కేసముద్రానికి కనపడ్డాయి. "నా తమ్ముని ఇల్లు!" అని వదిన ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గుతో. వెనక కెమెరా ఎవరితో బిజీ అంటారా? పొద్దున టెస్ట్ చేద్దామని నేనే ఒక కెమెరా ప్రోగ్రాం తెరిచి మూయడం మరిచాను. అది వెనకాల నడుస్తూ దాన్ని పట్టుకుని కూర్చుంది!

వదిన అంతటితో ఊకుంటేనా? "నేను చూడని రిబ్బన్ రిబ్బనేనా? మళ్ల కట్టుండ్రి!" అంది. అయ్యగారు నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుని సరేనన్నారు. ముక్కలు రెండూ ముడేసి మళ్లీ దర్వాజకు కట్టారు. నేను వాకిట్లో, వంట ఉడుకుతున్న కట్టెల పొయ్యి పక్కన నిలబడి టాబ్లెట్‌ను తిప్పి పట్టుకున్నాను. కత్తెర పడింది. కేసముద్రంలో చప్పట్లే చప్పట్లు!

ఇక ముగింపు ప్రార్థన. టాబ్లెట్‌లోంచి హుకుం వచ్చింది. "కరుణా, ఇప్పుడన్న కండ్లు మూసుకో. నేను చూసుకుంట."

మూసుకున్నాను. ఈసారి నిజంగా, మనసారా. ప్రభువా, నా గొప్పలను క్షమించు అని చెప్పుకుంటుంటే కన్నీళ్లు ఆగలేదు. లోకాన్నే మరిచిపోయాను. చేతుల్లో టాబ్లెట్ ఎటు తిరుగుతోందో కూడా.

ఆమెన్ అయ్యాక టాబ్లెట్‌ను నా వైపు తిప్పుకుని, "ఈసారన్న మంచిగ కనవడ్డదా వదినా?" అని అడిగాను.

"మస్తు కనవడ్డది" అంది వదిన. "బగార అన్నం అడుగంటుతాంది. ఉరుకు, పొయ్యిల కట్టెలు గుంజు!"