గోధుమ చేలో పసుపూ కుంకుమా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. సైన్సు చెబితే ఎవరైనా వింటారని ఒకటి, అందులోనూ నేను చెబితే వినకుండా ఉండలేరని రెండోది. ధవళేశ్వరంలో ఓ ప్రైవేటు స్కూల్లో బయాలజీ టీచరుగా చేరి, దగ్గర్లోనే ఉన్న ఊళ్ళో మా పెదనాన్న ఇంట్లో ఉండేదాన్ని. ఆ రెండు నమ్మకాలూ ఆ ఇంట్లోనే పోయాయి.

పెదనాన్నకి అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు సైకిలాపి బోరింగు దగ్గర నీళ్ళు తాగినా సరే, క్యానులో ఎన్ని పోసుకున్నాడో చూసి రమ్మనేవారు. అలాంటి మనిషికి షుగరొచ్చింది. రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తినమన్నారు డాక్టరుగారు. కాలవ కింద పుట్టి మూడు పూటలా అన్నమే ఎరిగిన ఆయన, ముందు డాక్టరునే అనుమానించారు (డాక్టరుగారి బావమరిదికి పిండిమిల్లేమైనా ఉందా అని ఆరా కూడా తీశారు). తర్వాత ప్యాకెట్ పిండి మీద పడ్డారు. ఫోన్లో ఎవరో పంపిన వీడియోలో చపాతీ ముద్ద రబ్బరులా సాగిందట. అంతే, నా చేలో పండిన గోధుమైతేనే తింటాను, అందాకా అన్నమేనని తేల్చేసి, వరి చేలో మెరకగా ఉన్న ఓ చెక్కలో గోధుమలు చల్లించారు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, గడ్డి బాగా వచ్చిందండీ అని మెచ్చుకుని వెళ్ళేవారు. పెద్దమ్మ మాత్రం ఆ మొక్కలకి రోజూ దణ్ణం పెట్టుకునేది. అవి పోయాయంటే ఈయన ఇక జన్మలో చపాతీ ముట్టరని, షుగరు ఎక్కడికి తీసుకుపోతుందోనని ఆవిడ భయం.

మొక్క మోకాలెత్తు కాకముందే ఒక మూల కింది ఆకుల మీద పొడి కనిపించింది. అటు పసుపూ కాదు, ఇటు కుంకుమా కాదు, రెండూ కలిపినట్టుంది. ముట్టుకుంటే వేలికంటుతోంది. ఇంకేముంది, తన చేను చూసి ఓర్వలేక ఎవరో పసుపూ కుంకుమా కలిపి, మంత్రించి చల్లారని పెదనాన్న తీర్మానించేశారు. నేను ఊరుకుంటానా? ఆకు స్కూలుకి పట్టుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను, అగ్రికల్చర్ చదివిన స్నేహితురాలికి ఫొటో పంపాను, సాయంత్రం క్లాసు చెప్పినట్టే చెప్పాను. ఇది తుప్పు తెగులు, ఒక రకం బూజు, గాలిలో వస్తుంది, కింది ఆకుల మీద ఉండగానే మందు కొట్టాలి, పై ఆకుకి ఎక్కిందంటే గింజ తాలైపోతుంది అని.

పెదనాన్న అంతా ఓపిగ్గా విన్నారు. "సరేనే అమ్మాయ్, గాలిలోనే వచ్చిందనుకుందాం. గాలిలోకి ఎవడు వదిలాడు?"

పోనీ మందైనా కొట్టించండి అంటే, "మందు కొట్టిన పిండి తినేదానికైతే కొట్లోనే కొనుక్కునేవాణ్ణి కదే, ఈ చాకిరీ అంతా ఎందుకూ?" అన్నారు. కడుపు మండిపోయి వంటింట్లోకెళ్ళి పెద్దమ్మ దగ్గర మొత్తం వెళ్ళగక్కాను, మందు పేరుతో సహా. ఆవిడ కూర కలుపుతూనే విని, ఆ పేరు ఇంకోసారి చెప్పమంది. నేనేమీ అనుకోలేదు.

ఆ మర్నాటి నుంచి పెదనాన్న పరిశోధన మొదలైంది. ఎవరి బట్టల మీద ఆ రంగుంటే వాడే దొంగ. తెగులు సంగతేమో గానీ ఆ అనుమానం మాత్రం నాకూ అంటుకుంది. పాలవాడి లుంగీ చూసేదాన్ని. మా హెడ్మిస్ట్రెస్ చీర అంచు మీద సాంబారు మరక కనిపిస్తే ఆవిడకి మా చేనెక్కడుందో తెలుసా అని ఆలోచించేదాన్ని. చివరికి పెదనాన్న నన్ను తెల్లవారుజామునే చేలో కాపలాకి పంపారు. వెళ్ళి చూస్తే గోధుమల మధ్య వీపున స్ప్రేయరు తగిలించుకుని గట్టు బాబాయి. (మాకు చుట్టమేం కాదు. పక్క చేను ఆయనది. రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని పెదనాన్నతో టీ తాగడం వల్ల వచ్చిన పేరు.) వరికి పొడ తెగులొస్తే కొడదామని తెచ్చుకున్న మందు, నేను చెప్పిన మందే, ఆయనింట్లో ఉందట. గట్టు మీద బకెట్టు పట్టుకుని పెద్దమ్మ.

"అరవకే తల్లీ," అంది. "మందు పడిందని తెలిస్తే ఆయన ఈ గోధుమ తింటారా?"

నోరు మూసుకుని ఇంటికొచ్చి, ఎవరూ కనపడలేదని చెప్పాను. కానీ చేలో బాబాయి బట్టలకంటిన ఆ పాడు రంగు ఉతికినా పోలేదు. సాయంత్రం టీ తాగుతుంటే పెదనాన్న చూపు బాబాయి లుంగీ మీద పడింది. మోకాళ్ళ నుంచి కిందకంతా అదే రంగు. ఇదెక్కడిదని అడిగారు. నిజం చెబితే గోధుమ పోతుంది, చెప్పకపోతే ఇన్నేళ్ళ స్నేహం పోతుంది. పెద్దమ్మ కొంగు నలుపుకుంటోంది. బాబాయి గ్లాసు కింద పెట్టి తల వంచుకున్నారు.

"ఆయ్, నేనేనండి అన్నయ్యగారూ. పసుపూ కుంకుమా కలిపి నేనే చల్లేనండి. మీ చేను పచ్చగా ఉంటే చూళ్ళేకపోయేను."

పెదనాన్నకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు సరికదా మొహం వెలిగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన అనుమానం ఒక్కటి నిజమవడం అదే మొదలు మరి. చేసినవాడు ఒప్పుకున్నాక ఇక ఆ ప్రయోగం పనిచెయ్యదన్నారు. అన్నట్టే కొత్తాకులు శుభ్రంగా వచ్చాయి. బాబాయిని క్షమించేశారు కూడా, కాకపోతే ఒక్క షరతు. ఆ పిండితో చేసిన మొదటి చపాతీ రోజూ బాబాయే తన ఎదురుగా తినాలి. (బాబాయికి చపాతీ అంటే పరమ అసహ్యం.)

ఏటా ఆ చెక్కలో గోధుమ వేస్తూనే ఉన్నారు. పెద్దమ్మ బకెట్టూ తప్పడం లేదు. పెదనాన్న షుగరు అదుపులో ఉంది. ఇంటికెవరొచ్చినా నన్ను చూపించి, "మా అమ్మాయి సైన్సు టీచరండి. మైక్రోస్కోపులో పెట్టి మరీ చూసి బూజంది, పాపం," అని నవ్వుతారు. పక్కనే బాబాయి మొదటి చపాతీ నములుతూ కాలవకేసి చూస్తూంటారు. పొద్దున్నే పదో తరగతికి బూజుల పాఠం చెప్పొచ్చిన నేను, "అవును పెదనాన్నా, పసుపూ కుంకుమే," అంటాను. అప్పట్లో మైక్రోస్కోపు మీద ఒట్టేసి మాట్లాడిన ఆ కొత్త టీచరమ్మ ఈ మాట వినుంటే నా మొహం కూడా చూసేది కాదు.