వీపు వెనక బెల్టు

పటాన్‌చెరులో అద్దెకుంటూ, కోకాపేటలోని ఆఫీసుకు ఔటర్ రింగు రోడ్డు మీద కారులో వెళ్తుంటాను. మా ఆఫీసులోనే పనిచేసే కడప స్నేహితుడు రెండేళ్లపాటు రోజూ నా పక్క సీట్లో కూర్చున్నాడు. అతను బెల్టు పెట్టుకోకపోతే కారు టింగుటింగుమని గోల పెట్టేది.

“ఈ మాత్రం దూరానికి బెల్టెందుకప్పా, ఉక్కపోస్తాంది” అనేవాడు.

ఒకరోజు ఆ మోతకు విసుగొచ్చి నేనే చెప్పాను: “నీ ఎన్కకెళ్లి తీసి లాక్ చెయ్యి, ఇగ మొత్తుకోదు.”

అప్పటినుంచి బెల్టు అతని వీపు వెనకే ఉండేది. మేం హాయిగా కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లం.

నేను సెలవు పెట్టిన ఒక రోజు అతను ఇంకొకరి కారెక్కాడు. టైరు పేలి రోడ్డు మీదే ఆగిన లారీ వెనక, హెచ్చరికగా రెండు రాళ్లూ ఒక చెట్టు కొమ్మా పెట్టారట. నూరు మీద వచ్చే కారుకు కొమ్మ ఏం కనిపిస్తుంది? నడుపుతున్నతను బెల్టు పెట్టుకున్నాడు, బతికాడు. నా స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. ఆ కారులోనూ బెల్టు వీపు వెనకే ఉంది. పేపర్లో లారీది తప్పని రాశారు, వేగానిది తప్పని రాశారు. నేను నేర్పిన ఉపాయం గురించి ఎవరూ రాయలేదు.

ఆర్నెల్లుగా ఒక్కణ్ణే వెళ్తున్నాను. పక్క సీటు బెల్టు అతను పెట్టినట్టే ఉండిపోయింది. నిన్న దాన్ని విప్పి, ఆ సీట్లో నా బ్యాగు పెట్టాను. ఎవరో కూర్చున్నారనుకుని కారు వెంటనే టింగుటింగుమంది. కోకాపేట చేరేదాకా మోగనిచ్చాను.

అంత భరించలేని మోతేం కాదు.